పది నిమిషాల స్టార్టింగు ఎవరి కోసం?

2025 మే 18 తెల్లవారుజామున షోలాపూర్ అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లోని ఒక టవల్ కర్మాగారం అంటుకుని 8 మంది ప్రాణాలు పోయాయి. పోయినవారిలో పనివాళ్లూ ఉన్నారు, యజమాని కుటుంబమూ ఉంది. ఆ ప్రమాదాన్ని ఏ బంబు మీదికో నెట్టడం మా ఉద్దేశం కాదు. కానీ దూది, నూలు ఉన్నచోట నిప్పు ఎంత తొందరగా పాకుతుందో మనకు తెలుసు. అలాంటి చోట బంబు ఇంజన్ ఏ స్థితిలో ఉందన్నది డ్రైవరు ఒక్కడి గొడవ కాదు, షిఫ్టులో ఉన్న ప్రతివాడి ప్రాణానికి సంబంధించిన సంగతి. అందుకే జీతాల మాట వచ్చే సంచికకు వదిలి ఇది రాస్తున్నాం.

చాలా మిల్లుల్లో తంతు ఒకటే. పొద్దున డ్రైవరు షెడ్డులోనే బంబు స్టార్టు చేస్తాడు. పది నిమిషాలు ఐడ్లింగులో ఉంచి ఆపేస్తాడు. రిజిస్టరులో ‘ఓకే’ పడుతుంది. ఆఫీసుకు డీజిల్ మిగిలిందని సంతోషం, తనిఖీకి వచ్చినవారికి సంతకాలు కనబడ్డాయని సంతోషం.

ఇంజన్‌కు మాత్రం దీనివల్ల మేలు తక్కువ, కీడు ఎక్కువ. డీజిల్ ఇంజన్‌లో స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. చలికాలం పొద్దున సిలిండర్ గోడలు చల్లగా ఉండి ఆ వేడిని లాగేస్తాయి. కొంత డీజిల్ మండకుండానే బయటికి పోతుంది, మనం చూసే తెల్లపొగ అదే. లోడు లేకుండా ఊరికే తిరిగే ఇంజన్ సరిగా వేడెక్కదు. మండని డీజిల్ సిలిండర్ గోడలమీది ఆయిల్‌ను కడిగేసి, రింగుల పక్కనుంచి సంపులోకి దిగి అక్కడి ఆయిల్‌ను పలచన చేస్తుంది. ఇంజెక్టర్ల మూతులకు మసి కడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో పొగ దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పొగ బాగా వేడిగా ఉంటేనే ఆ మసి కాలుతుంది, ఐడ్లింగులో అది పూడుకుపోతుంది. బ్యాటరీ సంగతి సరేసరి. చలికి దాని బలం తగ్గుతుంది, చిక్కబడిన ఆయిల్‌లో ఇంజన్ తిప్పడానికి స్టార్టరు ఎక్కువ కరెంటు తాగుతుంది. ఆ లోటు పది నిమిషాల్లో పూడుతుందన్న నమ్మకం లేదు.

ఇలా నెలల తరబడి నడిచిన ఇంజన్, నిప్పు లేచిన రోజున పంపు కలిపి వేగం పెంచగానే నల్లపొగ కక్కి చతికిలబడితే మెమో ఎవరికొస్తుంది? డ్రైవరుకే.

చలి గనుక రోజూ వేడి చేయాల్సిందే అనే ఆఫీసరు ఒకరు ఎక్కడైనా ఉంటాడు. మనది లద్దాఖ్ కాదు. అక్కడ మామూలు డీజిల్‌లో మైనం గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోతుంది గనుకనే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్ తెచ్చింది. మన చలికి మంచి బ్యాటరీ, సరైన గ్రేడు ఆయిల్ ఉంటే చాలు.

ఐడ్లింగు మొత్తం తప్పని మేం అనడం లేదు. స్టార్టు కాగానే ఆయిల్ ప్రెషరు వచ్చేదాకా వేగం పెంచకూడదు. గట్టిగా పంపింగు చేసిన తర్వాత మూడు నాలుగు నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చి ఆపితే టర్బో చల్లబడుతుంది. ఇది మన డ్రైవర్లకు తెలియనిది కాదు, వాళ్లకు లేనిది అరగంట సమయమూ, డీజిలూ.

మరొక సంగతి. చలికి తలుపులు మూసిన షెడ్డులో ఆ పొగ ఎవరు పీలుస్తున్నారు? డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012 జూన్‌లో తేల్చి చెప్పింది. బండిని బయటికి తీసి స్టార్టు చేయడానికి ఒక్క పైసా ఖర్చు లేదు.

అగ్నిమాపక సామాను కొనిపెట్టడమే కాదు, పనిచేసే స్థితిలో ఉంచడం కూడా యజమాని బాధ్యతేనని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పిందే. అమెరికా వాళ్ల ప్రమాణాల్లో భవనాల డీజిల్ ఫైర్ పంపును వారానికొకసారి 30 నిమిషాలు నడపాలని ఉంది. మనం అడిగేదీ అంతే. రోజువారీ తంతు మాని, వారానికొక రోజు బంబును ఆరుబయట పెట్టి, ట్యాంకులోంచి నీళ్లు లాగి, పైపుల్లో ప్రెషరుతో అరగంట కొట్టించాలి. అది డ్యూటీలో భాగంగానే జరగాలి. ఆయిల్ ప్రెషరు, ఇంజన్ వేడి, పంపు ప్రెషరు అంకెలతో రిజిస్టరులో ఎక్కాలి. కార్మికుల తరఫు మనిషి దాని కింద సంతకం పెట్టాలి. సొంత బంబు లేక డీజిల్ పంపుతో సరిపెట్టుకునే మిల్లులకూ ఇదే వర్తిస్తుంది.

వచ్చే సేఫ్టీ కమిటీ మీటింగుకు ముందే మన ప్రతినిధులు స్టోర్సుకు వెళ్లి, అరగంట పంపింగుకు ఎన్ని లీటర్ల డీజిల్ అవుతుందో కనుక్కుని కాగితం మీద రాసుకుని వెళ్లాలి. ఖర్చు మాట వాళ్లు ఎత్తగానే ఆ కాగితం బల్లమీద పెట్టండి.