చిగురు, కాలు, బీగం

పల్లవి అయ్యాక మొదటి చరణంలో తాళం మారుతుంది. సినిమా పాట గురించి ఎవరైనా రాసే మాటే ఇది. పర్యాయపదాల దొంగ చేతిలో పడితే ఏమవుతుందో చూడండి: "చిగురు అనంతరం ప్రథమ పాదమునందు బీగం పరివర్తన చెందును." నవ్వకండి. కుర్రకారు కోసమంటూ పెట్టే సంగీతం పేజీల్లో వడ్డిస్తున్నది ఈ జాతి సరుకే.

ఎవరో రాసిన పాత వ్యాసం పట్టుకోవడం, ‘గొంతు’ ఉన్నచోట ‘గళం’, ‘పాట’ ఉన్నచోట ‘గేయం’ అతికించడం, కింద తమ పేరు వేసుకోవడం. ఇప్పుడు ఆ కాస్త పనీ యంత్రానికి అప్పగించేశారు. రాసేవాడు పాట వినడు, అచ్చేసేవాడు వ్యాసం చదవడు.

నాకు ఒళ్లు మండేది ఇది నెల్లూరు కాబట్టి. గాయకుడు ఎస్పీ బాలు తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పి, త్యాగరాజ ఉత్సవాలు నడిపిన ఊరు. తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని 2020 ఫిబ్రవరిలో బాలు వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. ‘హరికథ’ను నిఘంటువు చేతికిస్తే ఏం తేలుతుంది? హరి అంటే విష్ణువే కాదు, సింహం, కోతి, కప్ప కూడా. పెద్దాయన కప్పల కథలు చెప్పేవారని అచ్చయినా ఈ మహానుభావులకు చీమ కుట్టినట్టుండదు!

ఈ జిల్లాలోనే పుట్టిన వరప్రసాద్ రెడ్డి గారు, శాంతా బయోటెక్నిక్స్‌తో హెపటైటిస్-బి టీకా తెచ్చినాయన, 2001లో హాస్యానికీ సంగీతానికీ ‘హాసం’ అని పత్రిక పెట్టారు. సంపాదకుడు రాజా పాటను చెవిపెట్టి విని రాసే మనిషి. ఆ పత్రిక మూడేళ్లకే ఆగిపోయింది. వినకుండా రాసే దుకాణాలకు మాత్రం మూడు పువ్వులూ ఆరు కాయలూ.

పాతదాన్ని తిరగరాయనివాడెవడని కొందరి వాదన. తిక్కన కూడా తిరగరాశాడు. మహాభారతంలో విరాటపర్వం మొదలు 15 పర్వాలు. మూలం వ్యాసుడిదని దాచలేదు. ద్రౌపది కోపాన్ని మన ఇళ్లలో ఆడవాళ్ల నోటి నుంచి విన్నట్టు రాశాడు. మీరేం చేశారయ్యా, కొట్టేసిన చొక్కాకు గుండీలు మార్చడం తప్ప?

మైపాడు ఇసుకలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న పదిహేనేళ్ల పిల్ల ఈ అతుకుల వ్యాసాలు చదివి, పాట గురించి రాయడమంటే ఇంతే కాబోలనుకుంటుంది. అసలు నష్టం అక్కడుంది. సంపాదకులారా, వ్యాసం తెచ్చినవాణ్ణి ‘ఈ పాట విన్నావా?’ అని ఒక్క మాట అడగండి. నీళ్లు నమిలితే అచ్చేయకండి, పైసా ఇవ్వకండి. మొదట రాసినవారెవరో వెతికి, వారి పేరు వేసి, ఆ డబ్బు వారికి పంపండి.