"చేసేయుండ్రి, చూసుకుందాం" అనే మాటకు రేటెంత?

మొన్న గ్రూపులో ఒక అన్న అడిగిండు: "భూములు, రిజర్వేషన్ల ముచ్చట వదిలి ఈ మేస్త్రి లెక్కలెందుకు తమ్మీ?" ఆ అన్నకే ఈ పోస్టు.

మేం పాతబస్తీ హాస్టల్లో ఉండే నలుగురం. మా ఇండ్లల్ల కాలేజీ మొఖం చూసింది మేమే మొదలు. పోయిన ఎండాకాలం సెలవుల్లో మా తండా ముఠాతో శాలిబండలో ఒక ఇంటి పనికి పోయినం. గోడల ప్లాస్టరింగు గుత్తకు ఒప్పుకున్నం. సగం పనిలో ఓనరు వచ్చి పిట్టగోడ ఎత్తు పెంచమన్నడు. తర్వాత సంపు లోపల కూడా పూయమన్నడు. మేస్త్రి "చేసేయుండ్రి, చూసుకుందాం" అన్నడు. ఆరు రోజులు ఎక్కువ పట్టింది. లెక్క తేల్చే రోజు "అది గుత్తలోదే కదా" అన్నడు. మా నాయనలు తలవంచుకొని మూటలు సర్దుకున్నరు. డిగ్రీ చదివే మాకు కూడా నోరు పెగల్లేదు. పైసలు పోయినందుకు కాదు, అందుకే సిగ్గయింది.

ఇదే "చూసుకుందాం" పెద్ద కాంట్రాక్టరుతో అని చూడండి. సర్కారు పనిలో కొలత పెరిగితే ఎం-బుక్కులో ఎక్కాలె, ఒప్పందం రేటు కట్టాలె. ఒప్పందంలో లేని ఐటం వస్తే ఎస్‌ఎస్‌ఆర్ చూసి రేటు తేల్చి సప్లిమెంటరీ అగ్రిమెంటు రాసుకోవాలె. అట్ల అడిగే కాంట్రాక్టరును మేం తప్పుపట్టం. ఆ తెలివి మనకు ఎవరూ నేర్పలేదనే మా కోపం.

మన కండ్ల ముందే మెట్రో ఉంది. 2010 ఒప్పందంలో ఫలక్‌నుమా దాకా ఉండె. రూటు గొడవలు నడిచినయి, 2020 ఫిబ్రవరిలో రైలు ఎంజీబీఎస్ దాకనే వచ్చింది. పనులు సాగి ఖర్చు పెరిగిందని కంపెనీ సర్కారును వేల కోట్లు అడిగింది. కాళేశ్వరం చూడండి, 2018లో 81,911 కోట్లని చూపించిన అంచనా 1,47,427 కోట్లు దాటొచ్చని కాగ్ చెప్పింది. మార్పు వాళ్లకు బిల్లు అయితది, మా నాయనకు చాకిరి అయితది.

కాగితం లేకుంటే హక్కే లేదా? ఉంది. 1872 కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చదవండి. ఉచితంగా అని కాకుండా చేసిన పనితో అవతలోడు లాభం పొందితే దాని విలువ కట్టియ్యాలె. బెంగాల్‌లో ఒక కాంట్రాక్టరు సరైన ఒప్పందం లేకుండానే సర్కారుకు షెడ్లు కట్టిండు. 1961లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ కిందనే ఆయనకు డబ్బులు ఇప్పించింది. షెడ్డుకు వర్తించింది సంపుకు ఎందుకు వర్తించదు?

కానీ ఆరు రోజుల కూలికి కోర్టుకు ఎవరు పోతరు? అందుకే ముందే రాసుకోవాలె. "మేస్త్రి మామ వరుస, ఎట్ల అడుగుతం" అంటరు. అడుగుండ్రి. ఓనరు దగ్గర ఆయన చేతికి కూడా ఆ రాతే ఆధారం. పాత పనే పెరిగితే గుత్త అడుగు రేటు, కొత్త పనైతే మనుషులెందరు, రోజులెన్ని, రోజు కూలెంత. ఎవరు చెప్పిండ్రో, ఏ తారీఖో రాసి, తాపీ పట్టకముందే వాట్సాప్‌లో పెట్టాలె. ముఠాకు ఒక్క చదువుకున్న పిల్లగాడు చాలు ఈ పనికి.

ఆ సంపు కొలతలు ఇంకా మా ఫోనులో ఉన్నయి. నిన్న రేటు కట్టి మేస్త్రికి పంపినం. రెండు నీలం టిక్కులు పడ్డయి. జవాబు రాలేదు.