నోకియా వద్దు.. ష్లిట్జ్ గురించి చెప్పండి!

'పెద్ద కంపెనీ ఎందుకు పడిపోయింది? ఒక ఉదాహరణ చెప్పండి' అని గ్రూప్ డిస్కషన్‌లో అడగ్గానే మనవాళ్లు నోకియా, కొడక్ అనేస్తారు. 'మార్పును అందుకోలేదు సర్' అన్న జవాబూ రెడీ. ఈసారి ష్లిట్జ్ పేరు చెప్పి చూడండి. మారకపోవడం వల్ల కాదు, మారి మరీ మునిగిన కంపెనీ అది.

ష్లిట్జ్ అంటే అమెరికాలోని మిల్వాకీ నగరం బీరు. (తాగమని చెప్పట్లేదు, కంగారుపడకండి.) ఒకప్పుడు అక్కడ ప్రాంతానికో బీరు ఉండేది. సియాటెల్‌కి రైనియర్, బాల్టిమోర్‌కి నేషనల్ బొహీమియన్, రోడ్ ఐలండ్‌కి నారగాన్సెట్, టెక్సాస్‌కి లోన్ స్టార్. మనకు బందరు లడ్డూలా అన్నమాట. ఆ పేర్లు వింటే అక్కడి పెద్దవాళ్లకు సొంతూరు గుర్తొస్తుంది.

ష్లిట్జ్ 1950ల్లో కొన్నేళ్లు దేశంలో నంబర్ వన్. 1970ల్లో ఖర్చు తగ్గించుకోవాలని పులియబెట్టే సమయాన్ని కుదించింది. బార్లీ మాల్ట్ కొంత తగ్గించి మొక్కజొన్న సిరప్ పోసింది. ఒక్కో మార్పు చిన్నదే. దేన్ని విడిగా చూసినా 'ఇంతేగా' అనిపిస్తుంది. అన్నీ కలిశాక అది వేరే బీరు అయిపోయింది! 1976లో బీరు మసకబారకుండా వేసే పదార్థాన్ని మార్చారు. కొత్తది నురగ నిలవడానికి వేసే ఇంకో పదార్థంతో కలిసి సీసాల్లో తునకలుగా తేలింది. దాదాపు కోటి సీసాలు, డబ్బాలు వెనక్కి తెప్పించాల్సి వచ్చింది. 1981లో మిల్వాకీ ప్లాంటు మూతపడింది. మరుసటి ఏడాది కంపెనీ స్ట్రో చేతికి పోయింది.

నాకు అసలు ఆసక్తి ఆ తర్వాతి సంగతి మీదే. 2008లో పాబ్‌స్ట్ కంపెనీ 1960ల నాటి ష్లిట్జ్ రుచిని మళ్లీ తేవాలనుకుంది. తీరా చూస్తే పాత ఫార్ములా లేదు! అప్పట్లో పనిచేసిన బ్రూమాస్టర్లను వెతికి, అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. కోట్ల రూపాయల విలువైన విషయం రిటైరైన ఉద్యోగుల బుర్రల్లో ఉండిపోయిందన్నమాట. కెమిస్ట్రీ, బయోటెక్, ఫుడ్ టెక్నాలజీ చదివి 'క్వాలిటీ కంట్రోలా? అదేం ఉద్యోగం' అని పెదవి విరిచేవాళ్లు ఇది ఆలోచించాలి. రేపు ఇంటర్వ్యూలో 'మీరేమైనా అడుగుతారా?' అంటే, తయారీలో ఒక పదార్థం మారిస్తే ఎన్నాళ్లు నిల్వ ఉంచి చూస్తారు, వద్దనే అధికారం ఎవరికుంది అని అడగండి. జవాబు తడబడితే ఆ కంపెనీ సంగతి మీకు అర్థమైపోతుంది.

ఇంకోమాట. పాత బ్రాండు తిరిగొచ్చిందని అందరూ మురిసిపోతారు, నాకు మాత్రం అంత సంబరం లేదు. పేరు తిరిగొచ్చినంత తేలిగ్గా ఉద్యోగాలు రావు. పాబ్‌స్ట్ కూడా 1996లో మిల్వాకీలోని తన ప్లాంటు మూసేసి, వేరేవాళ్ల దగ్గర కాంట్రాక్టు మీద బీరు చేయించుకుంది. సియాటెల్లో రైనియర్ ప్లాంటు 1999లోనే మూతపడింది. పాత భవనం మీద ఎర్రటి 'ఆర్' అక్షరం మాత్రం ఇంకా వెలుగుతోంది. అక్కడున్న మన తెలుగువాళ్లు ఫ్రీవే మీద వెళ్తూ చూసే ఉంటారు. అదీ నకలే, అసలుది మ్యూజియంలో ఉంది.

అందుకే ఆఫర్ లెటర్ మీద పెద్ద పేరు కనిపించగానే ఫోటో తీసి స్టేటస్ పెట్టకండి. జీతం ఇచ్చేది ఆ కంపెనీయా, దాని కాంట్రాక్టరా? కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి.