విలాస వాహనాలు – విద్యుద్వైఫల్యం – చోదకుని రక్షణ

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌ను దర్శించిన విద్యార్థులు అక్కడ ప్రదర్శనకు ఉంచిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును చూసే ఉంటారు. అది 1912 నాటిది. ఆ కాలపు కారు కదలాలంటే ఒక మనిషి ముందు నిలబడి ఇనుప హ్యాండిలును బలంగా త్రిప్పవలసి ఉండేది. ఇంజను ఎదురు తన్నితే ఆ హ్యాండిలు వెనుకకు విసురుగా తిరిగి త్రిప్పేవాని మణికట్టును విరిచేది. సరిగా ఆ సంవత్సరపు కాడిలాక్ కార్లలోనే చార్లెస్ కెటరింగ్ అనే అమెరికా ఇంజనీరు విద్యుత్తుతో ఇంజనును కదిలించే స్వయంచాలక సాధనాన్ని ప్రవేశపెట్టినాడు. అనగా సంపన్నుల వాహనంలోకి విద్యుత్తు విలాసం కొరకు మాత్రమే రాలేదు. మనిషి చేతిని కాపాడడానికి కూడ వచ్చింది. ఈ సంగతిని ముందుగా చెప్పడానికి కారణమున్నది. నేను విద్యుత్తుకు గాని, విజ్ఞానానికి గాని విరోధిని కాను. చేతిని కాపాడడానికి వచ్చినది ప్రాణం మీదికి తేరాదన్నదే నా వాదన.

తెలుగు పాఠాలు చెప్పుకునే వానికి మోటారు కార్ల గొడవ ఎందుకని పాఠకులు ప్రశ్నింపవచ్చు. దానికి మన కళాశాలలోనే చదివి, కుటుంబ భారం వల్ల డిగ్రీ మధ్యలో మాని, డ్రైవరుగా కుదిరిన ఒక యువకుడు కారణం. అతని యజమాని పాతదైనా పేరు గల విదేశీ కారును కొన్నాడు. ఒకనాటి రాత్రి విజయవాడ రహదారిపై, ముందు హెచ్చరిక ఏదీ లేకుండానే, ఆ కారులో ఒక్కసారిగా అన్నీ ఆగిపోయినవి. ఇంజను ఆగింది. ముందు దీపాలు, వెనుక దీపాలు ఆరిపోయినవి. స్టీరింగు బిగుసుకొన్నది. వెనుక లారీ హారను మ్రోగిస్తూ వస్తున్నది. ఆ కుర్రవాడు రెండు చేతులతో స్టీరింగును బలవంతంగా త్రిప్పి ఎడమ అంచుకు చేర్చినాడు. లారీ ఒరుసుకొన్నట్టుగా దాటిపోయింది.

మరునాడు మరమ్మతు కేంద్రం వారు తంత్రీ జాలమంతా పరీక్షించి, దోషం ఏదీ కనబడలేదన్నారు. యజమాని ‘నీవే ఏదో మీట నొక్కి ఉంటావు’ అని, బండిని లాక్కొని వచ్చిన ఖర్చును అతని జీతంలో కోసినాడు. సెలవునాడు నన్ను చూడవచ్చినప్పుడు అతడు డబ్బు సంగతి ఎత్తలేదు. ‘సార్, బండి ఆగగానే బ్రేకు రాయిలాగా ఎందుకైంది? ఇన్నేళ్లు నడుపుతున్నాను, ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు’ అన్నాడు. జవాబు నాకూ తెలియదు. తెలుసుకొనడానికి చదివినాను. ఆ చదువు ఫలితమే ఈ వ్యాసం.

బ్రేకు పెడలును మనం నొక్కే బలం వేగంగా పోయే కారును ఆపడానికి చాలదు. ఇంజను నడిచేటప్పుడు పుట్టే శూన్య పీడనమో, విద్యుత్ మోటారో మన కాలి బలాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. ఇంజను ఆగినా నిలువ ఉన్న పీడనంతో ఒకటి రెండు మార్లు బ్రేకు మామూలుగానే పడుతుంది. భయంతో పెడలును పదేపదే కొట్టినవాడు ఆ నిలువను తానే ఖర్చు చేసుకొంటాడు. తరువాత బ్రేకు పూర్తిగా పోదు గాని, శరీరపు బరువంతా వేసి తొక్కవలసి వస్తుంది. స్టీరింగు కూడ అట్లే. సాయపడే శక్తి పోయినా చక్రాలకు దానికి గల ఇనుప బంధం తెగదు, కేవలం బరువెక్కుతుంది. ఆ రాత్రి మన పూర్వ విద్యార్థిని కాపాడినది ఈ ఇనుప బంధమే.

ఆధునిక విలాస వాహనాలలో ఇట్టి బంధాలు క్రమంగా సన్నగిల్లుతున్నవి. 1986లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ కారులోని యంత్ర భాగాలు తమలో తాము మాట్లాడుకొనడానికి ఒక సమాచార వ్యవస్థను ప్రకటించింది. అది 1991లో మెర్సిడెస్ పెద్ద కారులో ఆచరణలోనికి వచ్చింది. నేటి విలాస వాహనంలో చిన్న కంప్యూటర్లు నూరు వరకు, కొన్నింటిలో అంతకు మించి ఉంటున్నవి. తలుపు, అద్దం, గేరు, హ్యాండ్ బ్రేకు, ఆసనం అన్నీ వాటి ఆజ్ఞకు లోబడినవే. వీటిలో చాలా భాగానికి ప్రాణాధారం పన్నెండు వోల్టుల వ్యవస్థ ఒక్కటే. పెద్ద బ్యాటరీతో పరుగెత్తే విద్యుత్ కార్లకు సైతం ఈ చిన్న బ్యాటరీ అవసరం తప్పలేదు. 2024లో మన దేశంలో హ్యుందాయ్ సంస్థ 1,744 అయానిక్ 5 కార్లను వెనుకకు పిలిచి పరీక్షించవలసి వచ్చినది ఈ చిన్న బ్యాటరీకి శక్తిని అందించే భాగంలోని లోపం వల్లనే. ఒక తీగ సడలినా, ఒక కూడలి కాలినా, మహా సౌధంలో ఒక్క ఫ్యూజు పోయి అన్ని గదులూ చీకటైనట్టు అవుతుంది.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2003లో థాయిలాండు ఆర్థిక మంత్రి బ్యాంకాకులో తన అధికారిక బి.ఎం.డబ్ల్యు. కారులోనే చిక్కుపడినాడు. కంప్యూటరు నిలిచిపోగా తలుపులు, అద్దాలు, శీతల యంత్రం ఏవీ పనిచేయలేదు. చివరకు అద్దం పగులగొట్టి ఆయనను బయటకు తీసినారు. మంత్రికి చుట్టూ మనుషులుంటారు, సుత్తి తెచ్చే వాడుంటాడు. ఒంటరి డ్రైవరుకు ఎవరున్నారు?

మెర్సిడెస్ సంస్థ 2001లో తన ఖరీదైన కారులోను, 2002లో ఇ-క్లాస్ కారులోను విద్యుత్ బ్రేకును ప్రవేశపెట్టింది. అందులో పెడలు కేవలం కోరికను తెలుపుతుంది. బ్రేకు వేసేది కంప్యూటరు. లోపాలు బయటపడగా 2004లో సుమారు 6,80,000 కార్లను రీకాల్ చేసినారు. రీకాల్ అనగా తయారీదారే లోపమున్న వాహనాలను పిలిపించి ఉచితంగా సరిచేయడం. 2005లో మరల 13 లక్షల కార్లను పిలిచినారు. ఈసారి విద్యుత్ సరఫరా లోపాలు కూడ కారణాలలో చేరినవి. పిదప ఆ సంస్థయే ఇ-క్లాస్‌లో ఆ పద్ధతిని విడిచి పాత రకపు బ్రేకుకు మరలింది. ఇందులో మెచ్చుకోదగిన విషయం ఒకటున్నది. విద్యుత్తు పూర్తిగా పోయినా ముందు చక్రాలకు కాలి బలంతోనే బ్రేకు పడే మార్గాన్ని ఆ నిర్మాతలు విడిచిపెట్టలేదు. తాము నిర్మించిన యంత్రం కూడ తప్పు చేయగలదని వారు ముందే అంగీకరించినారన్న మాట. ఇదే వివేకం.

ఇంకొక ఉదంతం మరింత బాధాకరమైనది. బి.ఎం.డబ్ల్యు. కార్లలో బ్యాటరీ నుండి వచ్చే ప్రధాన తీగ అతుకు చెడి, నడుస్తున్న కారులో విద్యుత్తు మొత్తం పోయే లోపం కనబడింది. 2013లో అమెరికాలో సుమారు 5 లక్షల కార్లను రీకాల్ చేసినారు. ఇంగ్లండులో మాత్రం అప్పుడు ఆ పని జరగలేదు. 2016 డిసెంబరు క్రిస్మస్ దినాన అక్కడి సర్రీ ప్రాంతంలో ఒక బి.ఎం.డబ్ల్యు. కారు విద్యుత్తు పోయి, దీపమైనా లేకుండా చీకటి రోడ్డుపై నిలిచిపోయింది. దానిని తప్పించబోయిన మరొక కారు చెట్టుకు కొట్టుకొనగా అందులోని ఒక మాజీ సైనికుడు ప్రాణం కోల్పోయినాడు. 2018 మే నాటికి గాని ఆ దేశంలో రీకాల్ 3,12,000 కార్లకు విస్తరించలేదు. ఒక దేశంలో తెలిసిన లోపం మరొక దేశంలో మనిషి పోయిన తరువాత గాని పూర్తిగా గుర్తింపునకు రాలేదు. మరణించినవాడు ఆ కారును కొన్నవాడూ కాడు, నడిపినవాడూ కాడు. విలాసం ఒకరిది, మూల్యం మరొకరిది.

తలుపుల సంగతి సరేసరి. 2025 సెప్టెంబరులో అమెరికా రహదారి భద్రతా సంస్థ 2021 నాటి టెస్లా మోడల్ వై కార్లు సుమారు 1,74,000 మీద విచారణ ప్రారంభించింది. చిన్న బ్యాటరీ బలహీనపడగా వెలుపలి పిడులు పనిచేయక, లోపల ఉన్న పిల్లలను తల్లిదండ్రులు బయటకు తీయలేకపోయినారన్నది ఫిర్యాదు. లోపల చేతితో తెరిచే మీట ఉన్నది నిజమే. పసిబిడ్డకు అది తెలిసేదెట్లు, అందేదెట్లు? చైనా ప్రభుత్వం తలుపులకు చేతితో తెరిచే మార్గం తప్పక ఉండాలని నిబంధన చేసి, 2027 జనవరి 1ని అమలు తేదీగా నిర్ణయించింది. అద్దం పగులగొట్టుకొనవచ్చునన్న ధైర్యం కూడ అన్ని కార్లలో చెల్లదు. చాలా ఖరీదైన కార్లలో చప్పుడు వినబడకుండా ప్రక్క అద్దాలను సైతం రెండు పొరలుగా అతికిస్తారు. అవి చిన్న సుత్తికి చిట్లుతాయి గాని విడిపోవు.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. చక్రాలు జారకుండా చూసే బ్రేకులు, గాలి సంచులు, బండి అదుపు తప్పకుండా పట్టే సాధనాలు అన్నీ విద్యుత్తు చలువే, అవి ఎన్నో ప్రాణాలను కాపాడినవి అంటారు. ఆ మాట అక్షరాలా నిజం. కాని సాయపడే చేయి వేరు, ఉన్న ఏకైక చేయి వేరు. ఊతకర్ర విరిగితే మనిషి కుంటుతూనైనా నడవగలడు; కాలే విరిగితే నడక లేదు. బ్రేకు, స్టీరింగు, తలుపు, ప్రమాద సూచిక దీపం – ఈ నాలుగింటికీ ప్రధాన సరఫరా పోయినా పనిచేసే రెండవ మార్గం ఉండి తీరాలి. ఇది నా నిశ్చితాభిప్రాయం.

మన దేశంలో చట్టం లేకపోలేదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలోని 110-ఎ సెక్షను లోపమున్న వాహనాలను రీకాల్ చేయించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. నియమాలు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. అయితే ఏడేండ్ల లోపు వయస్సు గల వాహనాలకే ఆ నిర్బంధం వర్తిస్తుంది. మన జిల్లాలకు విలాస వాహనం తరచుగా ఎప్పుడు చేరుతుంది? నగరపు మొదటి యజమాని విసిగి అమ్మిన తరువాత, రెండవ చేతికో మూడవ చేతికో వచ్చినప్పుడు. తీగలు ముదిరి, అతుకులు సడలే వయస్సు కూడ అదే. చట్టం చేయి విడిచిన చోటనే ప్రమాదం చేయి పట్టుకొంటున్నది. ఈ హద్దును ప్రభుత్వం పునరాలోచించాలి.

ఇక విద్యార్థులకు నేను నేర్చుకొన్నంత చెబుతాను. నడిచే బండిలో విద్యుత్తు పోతే బ్రేకును పదేపదే కొట్టవద్దు. ఒకే ఒత్తిడితో, పూర్తి బలంతో తొక్కి పట్టండి. బండి పూర్తిగా నిలిచేదాకా తాళపు చెవిని తీయవద్దు, స్టీరింగు తాళం పడవచ్చు. రెండు చేతులతో ఎడమ అంచుకు చేర్చండి. విద్యుత్ హ్యాండ్ బ్రేకు పట్టకపోవచ్చు గనుక చక్రం క్రింద రాయి పెట్టండి. ఎర్ర త్రికోణాన్ని వెనుక దూరంగా ఉంచి, రోడ్డు కంచె అవతల నిలబడి జాతీయ రహదారిపై 1033కు ఫోను చేయండి. కొత్త బండి చేతికి వచ్చిన మొదటి రోజే తలుపును చేతితో తెరిచే మీట ఎక్కడున్నదో వెతికి, తెరిచి చూడండి.

కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. మన విద్యార్థులలో డ్రైవర్ల కుమారులు, మెకానిక్కుల తమ్ములు ఎందరో ఉన్నారు. గల్ఫు దేశాలలో ఇంటి డ్రైవర్లుగా ఇట్టి కార్లనే నడపబోయేవారూ ఉన్నారు. నిఘంటువంత గల సూచన పుస్తకం వారికి తెలియని భాషలో కారు అరలోనే పడి ఉంటుంది. సంవత్సరానికి రెండు దినాలు వాహన విద్యుత్ నిపుణులను పిలిపించి శిక్షణ ఇప్పించండి. పై సూచనలను తెలుగులోను, ఉర్దూలోను ఒక చిన్న కరపత్రంగా అచ్చు వేయించండి. తెలుగు ప్రతిని వ్రాసే భారం నాది.

ఉర్దూలో ‘అమానత్’ అనే మాట ఉన్నది. నమ్మి మన చేతిలో పెట్టిన సొత్తు అని దాని అర్థం. డ్రైవరు చేతిలో యజమాని కుటుంబం అమానత్. మరి డ్రైవరు ప్రాణం ఎవరి చేతిలో అమానత్? నిర్మాత, ప్రభుత్వం, యజమాని ముగ్గురూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారే. వారు చెప్పేలోగా, మన పిల్లలకు తెలియజెప్పవలసిన నాలుగు మాటలు చెప్పకపోతే ఆ దోషం మనది.