విజయనగర సప్తశతాబ్ది: ప్రభుత్వాల మౌనం ఎంతకాలం?

శాలివాహన శకం 1258, ధాత నామ సంవత్సరం, వైశాఖ శుద్ధ సప్తమి. విజయనగర స్థాపనకు సంప్రదాయం నిర్దేశించే తిథి ఇది. క్రీస్తు శక గణనలో అది 1336. శకం 1958లో, అనగా 2036లో ప్రవేశించే నల నామ సంవత్సరంలో, ఆ స్థాపనకు ఏడు వందల సంవత్సరాలు పూర్తి అవుతాయి. కేంద్ర ప్రభుత్వమూ, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలూ దీనిని జాతీయ పర్వంగా నిర్వహించవలసి ఉన్నది. అందుకు తగిన సన్నాహం ఇప్పుడే ఆరంభం కావలెను. పర్వదినానికి మూడు మాసాల ముందు సంఘాన్ని నియమించి, విద్యుద్దీపాలతో, ఫ్లెక్సీలతో, సినీగాయకుల కచేరీలతో ముగించే ఉత్సవాలను ప్రజలు ఇప్పటికే చాలినన్ని చూసినారు.

స్థాపనా సంవత్సరమే వివాదాస్పదమని కొందరు ఆక్షేపిస్తారు. 1336 అనే సంఖ్యను అంగీకరించని చరిత్రకారులు ఉన్నమాట నిజమే. విద్యారణ్యస్వామి పాత్ర ఎంత అనే విషయంలోనూ, విద్యారణ్యుడూ మాధవాచార్యుడూ ఒక్కరేనా అనే విషయంలోనూ పండితుల మధ్య వాదం నడుస్తూనే ఉన్నది. అయితే 1346లో సంగమ సోదరులు శృంగేరిలో సమావేశమై, శ్రీ భారతీతీర్థులకు, వారి శిష్యులకు భూదానం చేసిన శాసనం నేటికీ ఉన్నది. అప్పటికి రాజ్యం స్థిరపడినదనడానికి అంతకన్న ఏమి కావలెను? సంవత్సరం విషయంలో సందేహం ఉన్నవారు దానిని శోధించడానికే ఈ దశాబ్దాన్ని వినియోగించవచ్చును. సందేహాన్ని మౌనానికి సాకుగా చేయడం మాత్రం న్యాయం అనిపించుకోదు.

రెండవ ఆక్షేపం మరింత కటువైనది: ఇది ఒక మతానికి చెందిన ఉత్సవం అవుతుందట! ఈ మాట పలికేవారు శ్రవణబెళగొళ శాసనాన్ని చదివినట్లు లేదు. 1368లో జైనులకూ శ్రీవైష్ణవులకూ వివాదం వచ్చినప్పుడు, బుక్కరాయలు ఉభయ పక్షాలనూ పిలిపించి, జైనుల చేతిని వైష్ణవుల చేతిలో ఉంచి, ఈ రెండు దర్శనాలకూ భేదం లేదని నిర్ణయించినాడు. జైనులకు రక్షణ కల్పించే భారాన్ని వైష్ణవులపైననే ఉంచినాడు. రెండవ దేవరాయల కాలంలో, 1439లో, ఆయన కొలువులోని అహమ్మద్ ఖాన్ తన ప్రభువు పేరిట కట్టించిన మసీదు హంపీలోనే ఉన్నది. స్వధర్మంలో దృఢంగా నిలిచి పరధర్మాన్ని కాపాడిన రాజులను స్మరించడానికి సంకోచించే ప్రభుత్వం ఇక ఎవరిని స్మరిస్తుంది?

ఆస్తికులకు ఈ సామ్రాజ్యం చేసిన ఉపకారం కోటలతో, ఏనుగుల శాలలతో తూచదగినది కాదు. శ్రీరంగ నాథుని ఉత్సవమూర్తి తురుష్క దండయాత్రల కాలంలో స్వస్థానం విడిచి, ఊళ్లు తిరిగి, చివరకు తిరుమలలో దశాబ్దాల పాటు ఆశ్రయం పొందినది. తిరుమల ఆలయంలోని రంగనాయకుల మంటపం ఆ ఆతిథ్యానికి నేటికీ సాక్షి. బుక్కరాయల కుమారుడు కంపరాయలు దక్షిణానికి దండు నడిపిన తరువాత, గోపన్న అనే సేనాధిపతి ఆ మూర్తిని తిరుమల నుండి చెంజికి, అక్కడి నుండి శ్రీరంగానికి చేర్చి, 1371లో పునఃప్రతిష్ఠ చేయించినాడు. కంపరాయల ధర్మపత్ని గంగాదేవి ఆ విజయాన్ని సంస్కృత కావ్యంగా రచించినది. ఆ మధురావిజయం మాతృక 1916లో తిరువనంతపురంలో లభించేవరకు మన పండితులకే తెలియదు. ఇంకెన్ని తాళపత్రాలు ఏ అటకల మీద చెదలకు ఆహుతి అవుతున్నవో!

అన్నిటికంటె గురుతరమైనది వేదభాష్యం. బుక్కరాయలు వేదార్థాన్ని ప్రకాశింపజేయమని మాధవాచార్యులను కోరగా, ఆయన తన తమ్ముడు సాయణుని నియోగించమన్నాడు. ఆ సాయణుడు అంతకు పూర్వం నెల్లూరు సీమలోని ఉదయగిరి రాజ్యంలో మంత్రిగా ఉన్నవాడు. యజ్ఞానికి యజుర్వేదం గోడ వంటిది, తక్కిన వేదాలు దానిపై చిత్రాల వంటివి అని చెప్పి, ఆయన తైత్తిరీయ సంహితతో భాష్యాన్ని ఆరంభించినాడు. నేడు తెలుగునాట వేదపాఠశాలల్లో అధికంగా వల్లించేది ఆ సంహితనే. స్వరం తప్పకుండా పనస చెప్పగల విద్యార్థికి అర్థం కావలెనంటే ఆ భాష్యమే శరణ్యం.

దానిని ముద్రించినది ఎవరు? మాక్స్ ముల్లర్ 1849 మొదలు 1874 వరకు ఋగ్వేదాన్ని సాయణభాష్యంతో ఆరు సంపుటాలుగా ప్రకటించినాడు. వ్యయం భరించడానికి ముందుకు వచ్చినది ఈస్టిండియా కంపెనీ. 1890-92లో ద్వితీయ ముద్రణకు ధనం ఇచ్చినవారు మన ఉత్తరాంధ్రలోని విజయనగర మహారాజావారు. (నామసామ్యమే తప్ప ఈ రెండు రాజ్యాలూ వేరు.) వర్తకం కోసం వచ్చిన కంపెనీ చేయగలిగినది, ఒక జమీందారు చేయగలిగినది, కోట్ల రూపాయల బడ్జెట్లు గల ప్రభుత్వాలకు అసాధ్యమా? సామాన్యుడు చదివి గ్రహించగల తెలుగు వివరణతో, శుద్ధమైన స్వరచిహ్నాలతో, సాయణభాష్యాన్ని సమగ్రంగా ప్రకటించడమే ఈ సప్తశతాబ్దికి తొలి కార్యం కావలెను.

తక్కినవి చెప్పడానికి అట్టే వ్యవధి అక్కరలేదు. పెనుకొండ, చంద్రగిరి, ఉదయగిరి దుర్గాలకు సంరక్షణ, రాయల కాలపు శాసనాలకు తెలుగు అనువాదం, విద్యార్థులకు పాఠ్యాంశం. 1565 నాటి పతనాన్ని బాలురకు బోధిస్తున్నారు, శిథిలాలను యాత్రికులకు చూపుతున్నారు. నిర్మించినవారి సంకల్పాన్ని చెప్పే పాఠం మాత్రం రెండు పంక్తులకు మించదు.

భాష్యాన్ని పరిష్కరించడానికి ఘనపాఠులు, మీమాంసకులు, వైయాకరణులు ఒకచోట కూర్చొని అనేక సంవత్సరాలు శ్రమించవలెను. అట్టివారు ఏటేటా తగ్గిపోతున్నారు. కనుక నాలుగు ప్రభుత్వాలూ సంయుక్తంగా ఒక పరిషత్తును వచ్చే ఉగాదిలోపే నియమించవలెను. అందులో అధికారుల కంటె విద్వాంసుల సంఖ్య అధికంగా ఉండవలెను. ఈ మేరకు భక్తులు, ఆలయ ధర్మకర్తలు, వేదపాఠశాలల ఆచార్యులు తమ తమ శాసనసభ్యులకూ, పార్లమెంటు సభ్యులకూ విజ్ఞాపనలు పంపవలెను.