ఎవరికి ఏ నవల, ఎప్పుడు?

మందుల చీటీ చేతికిచ్చాక, కుర్చీలోంచి లేస్తూ ‘డాక్టరు గారూ, ఏదైనా మంచి నవల చెప్పండి’ అని అడిగేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. నా టేబుల్ మీద ఎప్పుడూ ఒక కథల పుస్తకం ఉంటుంది, అందుకే కావచ్చు. మీరూ ఎవరినో ఇలాగే అడిగి ఉంటారు. ఎవరికో చెప్పి కూడా ఉంటారు. నచ్చిన పుస్తకం పేరు చెప్పేటప్పుడు మనం పెద్దగా ఆలోచించం. ఎదుటి మనిషి ఇంట్లో ఏం జరుగుతోంది, రాత్రి నిద్ర పడుతోందా, ఇవేవీ అడగం. ‘అద్భుతం, తప్పక చదవండి’ అనేస్తాం. నేనూ అలాగే అనేసి ఒకసారి చెంపలేసుకున్నాను.

అది పాలకాయతిప్పలో. కోడూరు దాటి, హంసలదీవి మీదుగా సముద్రం దాకా వెళ్తే వచ్చే మత్స్యకారుల ఊరు. మాఘ పౌర్ణమి స్నానాలకు వెళ్లినవాళ్లకు తెలిసే ఉంటుంది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ఊడ్చేసినప్పుడు ముందుగా దెబ్బ తిన్నవి ఈ తీర గ్రామాలే. ఆ తుపానులో పోయినవాళ్లు అధికారిక లెక్కల్లోనే సుమారు 10 వేలు.

అక్కడి వైద్య శిబిరానికి ఒక పెద్దావిడ వచ్చింది. అరవైకి దగ్గర పడిన మనిషి. బీపీ ఉంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. కళ్లకు శుక్లాలు, ఆపరేషన్ ఇంకా చేయించుకోలేదు. డిగ్రీ చదివే మనవడు రాత్రిపూట ఆమెకు కథలు చదివి వినిపిస్తాడట. ‘మా మామ్మకు కథలంటే ప్రాణం సార్, మంచివి రెండు చెప్పండి’ అన్నాడు. నేను తడుముకోకుండా ‘గాలివాన’ అన్నాను. పాలగుమ్మి పద్మరాజు గారి కథ. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్న కథ. నియమాలు పెట్టుకుని బతికే రావు గారు, రైల్లో ముష్టెత్తుకునే ఒక స్త్రీ, తుపాను ముంచెత్తిన ఒక రాత్రి. కాలేజీ రోజుల నుంచి నాకు అదంటే ఇష్టం.

అప్పుడు నవంబరు రెండో వారం. ఆ సంగతి నాకు తట్టలేదు.

మరుసటి నెల శిబిరంలో కుర్రాడు చెప్పాడు. గాలి మొదలయ్యే చోటికి రాగానే ఆమె లేచి బయటికి వెళ్లిపోయిందట. ఆ రాత్రి, మర్నాడు రాత్రి కూడా కన్ను మూయలేదు. పెద్ద ఆపద గడిచిన తేదీ దగ్గర పడితే మనిషి ఒంట్లోనే గుబులు లేస్తుంది. ఏళ్లు గడిచినా అంతే. మేం చదువుకున్న విషయమే ఇది. అయినా మరిచిపోయాను. కథ మంచిదే. చెప్పిన వేళే తప్పు. అంతకంటే, ఆమెను ఒక్క మాటైనా అడగకుండా చెప్పడం తప్పు.

ఇక్కడితో అయిపోతే ‘దెబ్బ తిన్నవాళ్లకు అలాంటి కథలు ఇవ్వకండి’ అని చెప్పి ముగించేవాణ్ని. కానీ ఆమె పక్కనే కూర్చుని ఉంది. ‘పండక్కి ముందు మళ్లీ చదవమన్నాను బాబూ, ఈసారి ఆఖరిదాకా’ అంది. కాసేపాగి, ‘ఆయన గాలి గురించి రాశాడు. మాది గాలి కాదు, నీళ్లు’ అంది. రావు గారి గోల ఆమెకు పట్టలేదు. ఆ ముష్టి ఆమెకు పిల్లలున్నారా, ఎవరు పెంచారు, అదే అడిగింది నన్ను. ఆ మాటల్లోనే తన తమ్ముడి ఊసు వచ్చింది. ఆ పేరు మనవడు అంతకు ముందు ఎప్పుడూ వినలేదట.

కథ వల్ల ఆమెకు నయమైందని నేను అనను. బీపీ మాత్ర వేసుకుంటూనే ఉంది, మూడింటికి లేస్తూనే ఉంది. కానీ సొంత ఉప్పెన గురించి నోరెత్తని మనిషి, ఇంకొకరి గాలివాన మీద వాదం పెట్టుకుంది. కల్పన చేసే పని అదే అనుకుంటాను. ‘నీకేమైంది చెప్పు’ అని అడిగితే బిగుసుకుపోయేవాళ్లు, ‘వాడికేమైంది’ అంటే మాట్లాడతారు. తప్పయితే వాడిది, బాధయితే వాడిది. మనం దూరంగా కూర్చుని తీర్పు చెప్పొచ్చు.

పుస్తకాలు ఆయుష్షు పెంచుతాయా అని కూడా అడుగుతుంటారు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ప్రచురించిన ఒక పరిశీలన ఉంది. 50 ఏళ్లు దాటిన 3,635 మందిని 12 ఏళ్ల పాటు గమనిస్తే, పుస్తకాలు చదివేవాళ్లలో మరణించే ముప్పు 20 శాతం తక్కువగా కనిపించింది. చదువు, ఆస్తి, ఆరోగ్యం వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాకే ఈ మాట చెప్పారు. దినపత్రికలు, మ్యాగజైన్లు చదివేవాళ్లకు అంత లాభం కనిపించలేదట. పత్రికలో రాస్తూ ఈ మాట చెప్పడం కాస్త ఇబ్బందే! అయితే రెండూ కలిసి కనిపించాయన్నారు గానీ, పుస్తకమే కారణమని తేల్చలేదు. ఇంగ్లండులో 2013 నుంచి డాక్టర్లు పుస్తకాల పేర్లు సూచిస్తే లైబ్రరీలో తెచ్చుకునే పథకం నడుస్తోంది. మనకూ పుస్తకాన్ని మనిషి దగ్గరికి చేర్చిన చరిత్ర ఉంది. 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిచింది.

కాబట్టి చెప్పడం మానొద్దు. ముందు అడగండి. నాకు ఎదురయ్యే పొరపాటు ఎక్కువగా ఒకటే: దిగులులో ఉన్నవాళ్ల చేతిలో ‘వేయిపడగలు’ పెట్టడం. విశ్వనాథ వారి మీద నాకేం కోపం లేదు. కానీ కుంగుబాటులో ఉన్న మనిషికి రెండు పేజీలు చదివేసరికి మొదటి పేజీలో ఏముందో గుర్తుండదు. అది జబ్బు లక్షణం, బద్ధకం కాదు. లావు పుస్తకం ముట్టుకోలేకపోయామని ఇంకాస్త కుంగిపోతారు. వాళ్లకు పది నిమిషాల్లో అయిపోయేవి కావాలి. గుడివాడ దగ్గరి అంగలూరులో పుట్టిన గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ రాశారు. సీతారామారావు మనసు చెదిరిపోయే తీరు అంత లోతుగా రాసినవాళ్లు తక్కువ. అయినా బతుకు మీద విసుగెత్తిందంటున్నవాళ్లకు ఇప్పుడే ఇవ్వకండి. తేరుకున్నాక ఇవ్వండి, అప్పుడు బాగా అర్థమవుతుంది.

ఇంకోటి. యద్దనపూడి సులోచనారాణి నవలలు చదువుతామని చెప్పడానికి ఆడవాళ్లు నా దగ్గర కూడా సిగ్గుపడతారు. ఎందుకు? ఆవిడ మన కాజ ఆడపడుచు. కీమోథెరపీకి తిరిగే ఒకావిడ ‘సెక్రటరీ’ మళ్లీ మళ్లీ చదువుతుంది. ‘చివర ఏమవుతుందో తెలుసు కదా, అందుకే హాయిగా ఉంటుంది’ అంది. రేపు ఏం రిపోర్టు వస్తుందో తెలియని మనిషికి ఆ భరోసా చిన్నదేం కాదు. మేధావులు మెచ్చే జాబితా తెచ్చి ఆవిడ ముందు పెట్టేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

కళ్ల సంగతీ చూసుకోండి. నలభై దాటాక పుస్తకాన్ని చేయి చాచి పట్టుకుంటున్నారంటే కావలసింది కళ్లజోడు. చదవాలన్న ఆసక్తి పోయిందనుకుని చాలామంది పుస్తకమే మానేస్తారు. చూపు తక్కువైన పెద్దవాళ్లకు చదివి వినిపించండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 61 రోజులు. వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నవాళ్ల మధ్య బడిపిల్లలు ఎవరైనా కథ చదివితే వద్దనేవాళ్లుండరు.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, తిండి, నిద్ర తప్పితే, చచ్చిపోవాలన్న మాట నోట వస్తే మాత్రం నవల కోసం వెతకొద్దు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

పాలకాయతిప్ప పెద్దావిడను ఈసారి ముందే అడిగాను, ఎలాంటి కథ కావాలని. ‘నవ్వొచ్చేది’ అంది. ముళ్లపూడి వారి ‘బుడుగు’ పంపాను. ఆ పిల్లాడు మరీ వాగుడుకాయ అని మనవడితో కబురు చేసింది. చదవడం మాత్రం ఆపనివ్వడం లేదట.