ఎన్ని ఆర్డర్లు ఒప్పుకోవాలి?

పండుగ దగ్గరపడే కొద్దీ కుట్టుపని చేసే ఇళ్లలో రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి: “ఇంతకు మించి కుదరదు”, “ఇంతకు తగ్గితే గిట్టదు”. గణితంలో ఇలాంటి హద్దులనే అసమీకరణాలుగా రాస్తారు. మనిషి సమయానికీ శక్తికీ పరిమితి ఉంది గనుక, పని పంపకంలో ఇవి ఎంతో అక్కరకు వస్తాయి.

ఒక ఇంటిని ఊహించుకుందాం. అత్తగారు గుడ్డ కత్తిరిస్తారు; వారంలో ఆమెకు 20 గంటల వీలుంది. కోడలు మిషనుపై కుడుతుంది. ఆమెకు 48 గంటలు. ఒక కుర్తా-పైజామా జతకు కత్తిరింపు 1 గంట, కుట్టు 3 గంటలు. ఫ్రాకుకు కత్తిరింపు 1 గంట, కుట్టు 2 గంటలు. ఖర్చులు పోగా జతకు 150 రూపాయలు, ఫ్రాకుకు 120 రూపాయలు మిగులుతాయి. జతల సంఖ్య ‘జ’, ఫ్రాకుల సంఖ్య ‘ఫ’ అనుకుంటే హద్దులు ఇవి:

జ + ఫ ≤ 20
3జ + 2ఫ ≤ 48

గళ్ల కాగితంపై ఈ రెండు గీతలు గీయండి. రెండింటికీ లోపల ఉన్న భాగమంతా సాధ్యమైన పని. అత్యధిక ఆదాయం ఆ భాగపు ఒక మూలలో దొరుకుతుంది. జతలు మాత్రమే 16 కుడితే 2400 రూపాయలు. ఫ్రాకులు మాత్రమే 20 కుడితే అంతే. గీతలు ఖండించుకునే మూలలో 8 జతలు, 12 ఫ్రాకులు ఉన్నాయి. ఆదాయం 2640 రూపాయలు.

మొహమాటానికి మరొక్క జత ఒప్పుకుంటే కత్తిరింపు 21 గంటలు, కుట్టు 51 గంటలు అవుతుంది. ఆ అదనపు గంటలు ఎవరి నిద్ర నుంచైనా తీయాలి, లేదా ఇచ్చిన మాట తప్పాలి.

ఇంట్లో మరొకరు ఒక గంట సాయం చేస్తామన్నారనుకోండి. శ్రమ ఎక్కువ గనుక కోడలికే సాయపడాలని తోస్తుంది. కాని కుట్టుకు 49 గంటలైతే 9 జతలు, 11 ఫ్రాకులు వచ్చి ఆదాయం 30 రూపాయలే పెరుగుతుంది. కత్తిరింపుకు 21 గంటలైతే 6 జతలు, 15 ఫ్రాకులు. పెరుగుదల 60 రూపాయలు. ఈ ఇంట్లో ఆ గంట కత్తెరకే చెందాలి.

1939లో లెనిన్‌గ్రాడ్ గణితవేత్త కాంటరోవిచ్ ప్లైవుడ్ యంత్రాలకు పని పంచే సమస్యను ఈ కోవలోనే పరిష్కరించారు. 1947లో అమెరికాకు చెందిన జార్జ్ డాంట్‌జిగ్, ఒక మూల నుంచి మెరుగైన మరో మూలకు సాగే సింప్లెక్స్ పద్ధతిని రూపొందించారు.

సోదరీమణులారా! ఈసారి గుడ్డ పుచ్చుకునే ముందు మీ ఇంటి అంకెలతో ఈ రెండు వరుసలు రాసి చూడండి. కుదరని పనిని ఆనాడే మర్యాదగా కాదనవచ్చు. వచ్చినవారికి మరో దర్జీని వెతుక్కునే వ్యవధి మిగులుతుంది.